జనరేటర్‌కి, ట్రాక్టర్‌కి, లారీకి ఏ కూలెంట్? డబ్బా రంగు కాదు, మన బోరు నీళ్లు చూసి తేల్చుకోండి

పోయిన ఎండాకాలం మా రొయ్యల గుంటల దగ్గర జనరేటర్ రేడియేటర్ విప్పి గట్టు మీద బోర్లించినప్పుడు కనపడింది ముందు చెప్తాను, ఇప్పుడు రాసేదంతా దాని వల్లనే. సన్నటి చప్పటి గొట్టాలు సగానికి సగం మూసుకుపోయి ఉన్నాయి. స్క్రూడ్రైవర్ మొనతో గీకితే పొడిగా రాలలేదు, పెచ్చులు పెచ్చులుగా లేచింది. ఏళ్ల తరబడి బోరు నీళ్లు కాచిన డేగిసా అడుగున గడ్డకట్టే సున్నం ఉంటుందే, అచ్చం అదే, కాకపోతే కూలెంట్ (ఇంజిన్‌ని చల్లబరచడానికి రేడియేటర్‌లో పోసే ద్రవం) రంగు పట్టి లేత గులాబీగా ఉంది. ఆ ముందు రాత్రి 2 గంటలప్పుడు కరెంటు పోయింది, జనరేటర్ ఎత్తుకుంది, 20 నిమిషాలకి ముల్లు ఎర్రగీత దాటి ఇంజిన్ దానంతటదే ఆగిపోయింది. గుంట నీళ్లలోకి గాలి ఎక్కించే ఏరియేటర్లు ఆగితే ఏమవుతుందో గుంటలు చేసేవాళ్లకి చెప్పక్కర్లేదు. గంట తిరక్కుండానే రొయ్య పైకొచ్చి గట్టు వారన మూగింది. పక్క గుంటల వాళ్లు లేచొచ్చి తమ జనరేటర్ నుంచి వైరు లాగి ఇచ్చారు కాబట్టి పంట దక్కింది.

బాధేమిటంటే ఆ రేడియేటర్‌లో ఉన్నది చవకరకం కాదు. మంచి పేరున్న గులాబీ రంగు కూలెంట్, ఫాస్ఫేట్ రకం, డబ్బులు పెట్టి పోయించిందే. కాస్త తగ్గినప్పుడల్లా మా కుర్రాడు పక్కనే ఉన్న బోరు గొట్టం నుంచి నీళ్లు పట్టి కలిపాడు. వాడి తప్పు లేదు. "నీళ్లు చూసుకోరా" అని చెప్పాను గానీ ఏ నీళ్లో నేను చెప్పలేదు.

అప్పటి నుంచి ఇదే పని మీద ఉన్నాను, కనపడిన ప్రతి డబ్బా వెనక్కి తిప్పి చదవడం, మెకానిక్‌లని అడగడం, కెమిస్ట్రీ చదివిన మా మేనల్లుడి బుర్ర తినడం. మా బావమరిదికి చీమకుర్తి క్వారీల దగ్గర టిప్పర్లున్నాయి, ఆయన బాధ ఇంకో రకం, అదీ చెప్తాను.

ముందు డబ్బాలో ఏముందో తెలిస్తే సగం టెన్షన్ పోతుంది. నీళ్లు కలపకుండా వచ్చే కాన్సన్‌ట్రేట్‌లో 90 శాతానికి పైగా ఎథిలీన్ గ్లైకాల్ అనే ద్రవమే ఉంటుంది, ఏ కంపెనీ అయినా. మిగతా ఆ కొద్ది శాతంలోనే తుప్పు పట్టకుండా చూసే మందులు, నురగ రాకుండా చూసే మందు, రంగు అన్నీ ఉంటాయి. డబ్బాకీ డబ్బాకీ అసలు తేడా ఆ కొద్ది శాతం మందుల్లోనే.

కూలెంట్‌లో గ్లైకాల్ కలిపే అవసరం చలి దేశాలది. సగం గ్లైకాల్ సగం నీళ్లు కలిపితే మైనస్ 37 డిగ్రీల దాకా గడ్డకట్టదు. మనకి దానితో పనేముంది, రోహిణి కార్తెలో రోళ్లు పగిలే ఊళ్లు మనవి అంటారా, నిజమే, కానీ మరిగే వైపు కూడా గ్లైకాల్ పనికొస్తుంది. ఉత్త నీళ్లు 100 డిగ్రీల దగ్గర మరుగుతాయి, సగం సగం మిశ్రమం 107, 108 దాకా ఆగుతుంది. రేడియేటర్ మూత ఒత్తిడి పట్టి ఉంచుతుంది కాబట్టి, 15 పీఎస్ఐ మూత బాగుంటే ఉత్త నీళ్లు కూడా 120 దాకా ఓర్చుకుంటాయి, మిశ్రమం 129 దాకా. అంటే మూత రబ్బరు పాడైతే ఎంత ఖరీదైన కూలెంట్ పోసినా ఆ 20 డిగ్రీలూ చేతులారా పోగొట్టుకున్నట్టే. కూలెంట్ గురించి గంట మాట్లాడేవాళ్లు కూడా మూత సంగతి మర్చిపోతారు, దయచేసి ముందు అది చూసుకోండి.

ఇంకొక మాట కూడా నిజాయితీగా చెప్పాలి. వేడిని మోసుకుపోవడంలో నీళ్లని మించింది లేదు. కేజీ నీళ్లు ఒక డిగ్రీ పెరగడానికి 4.2 కిలోజూల్స్ తీసుకుంటే, సగం సగం మిశ్రమం 3.3, 3.4 మాత్రమే తీసుకుంటుంది, ఉత్త గ్లైకాల్ అయితే 2.4. కాబట్టి "చిక్కగా ఉంటే చల్లగా ఉంటుంది" అని కాన్సన్‌ట్రేట్‌ని నీళ్లు కలపకుండా పోసేవాళ్లున్నారే, వాళ్ల ఇంజిన్ ఇంకా వేడెక్కుతుంది.

అయితే ఉత్త నీళ్లే పోసుకుంటే పోదా? ఇదే అందరూ అడిగే మొదటి ప్రశ్న.

మా నాన్న పాత ట్రాక్టర్‌కి జీవితాంతం కాలవ నీళ్లే పోశాడు, అది నడిచింది కూడా. మందపాటి పోత ఇనుము, రాగి ఇత్తడి రేడియేటర్, నిదానంగా నడిచే ఇంజిన్, ఎక్కడైనా కారితే కరిగించి అతుకు వేసేవాళ్లు. ఇప్పటి ఇంజిన్ అది కాదు. హెడ్ అల్యూమినియం, రేడియేటర్ అల్యూమినియం, గొట్టాలు కాగితమంత పల్చన, ట్యాంకు ప్లాస్టిక్. అందులో మన నీళ్లు పోస్తే ఏమవుతుందో అంకెల్లో చూడండి.

భారీ డీజిల్ ఇంజిన్ల కూలెంట్‌లో కలిపే నీళ్లకి ఇంజిన్ తయారీదారులు పెట్టుకున్న హద్దు ఇది: క్లోరైడ్ లీటరుకి 40 మిల్లీగ్రాములు, సల్ఫేట్ 100, కాఠిన్యం (అంటే నీళ్లలో కరిగి ఉండే సున్నం లాంటి లవణాల లెక్క) 170, మొత్తం కరిగిన లవణాలు 340 మించకూడదు. ఇప్పుడు మన దేశపు తాగునీటి ప్రమాణం, ఐఎస్ 10500 చూడండి. వేరే దిక్కు లేనప్పుడు క్లోరైడ్ 1000 దాకా, కాఠిన్యం 600 దాకా, మొత్తం లవణాలు 2000 దాకా ఒప్పుకుంటుంది. అంటే మనిషి తాగొచ్చు అని రాసిచ్చిన నీళ్లు కూడా ఇంజిన్‌కి పనికిరాకపోవచ్చు. "మేం తాగే నీళ్లే కదన్నా పోసింది" అని అనడంలో తప్పు అక్కడే ఉంది. అల్లూరు, విడవలూరు, ఇందుకూరుపేట వైపు సముద్రం వార బోర్లలో ఉప్పు, అటు దర్శి, కనిగిరి, మార్కాపురం వైపు రాతి నేలల్లో సున్నం, ఫ్లోరైడ్. ఉప్పులోని క్లోరైడ్ అల్యూమినియాన్ని సూది గుచ్చినట్టు చిన్న చిన్న గుంటలుగా తింటుంది, సున్నం వేడి తగిలిన చోటల్లా పేరుకుంటుంది.

మా బోరు నీళ్లు ల్యాబ్‌లో చూపిస్తే కాఠిన్యం 720 వచ్చింది. లెక్క వేశాను. వారానికి అర లీటరు చొప్పున కలిపితే ఏడాదికి 26 లీటర్లు. ఆవిరై పోయేది నీళ్లే, సున్నం లోపలే ఉంటుంది. 26 ఇంటూ 720 అంటే దాదాపు 19 గ్రాములు, టీ చెంచాతో నాలుగు చెంచాల సున్నం, అదీ కాగితమంత పల్చటి గొట్టాల్లో. ఆ రోజు గట్టు మీద నేను గీకింది అదే.

సరే, మరి ఏ నీళ్లు? డిస్టిల్డ్ లేదా డీమినరలైజ్డ్, అంటే బ్యాటరీ షాపులో దొరికేవి, అన్నిటికన్నా మంచివి. 20 లీటర్ల ఆర్ఓ క్యాన్ నీళ్లు రెండో మాట, సున్నం చాలా వరకు పోతుంది గానీ ఉప్పు కొంత దాటుకుని వస్తుంది, అందుకే సముద్రం వార ప్లాంట్ల నీళ్లైతే టీడీఎస్ మీటర్ (మొత్తం కరిగిన లవణాలు కొలిచేది) పెట్టి చూడండి, మీటర్ ఖరీదు పెద్దదేం కాదు. నాకు 60 చూపించింది, అవసరానికి సరే అనుకున్నాను. వాన నీళ్లు శుభ్రంగా పట్టినవైతే బంగారం. సోమశిల జలాశయం నీళ్లు వచ్చే కాలవ పక్కన ఉన్నవాళ్లకి ఆ నీళ్లు బోరు కంటే నయమే గానీ బురద, పాచి ఉంటాయి, నేనైతే పోయను.

ఇప్పుడు రకాలకి వద్దాం. షాపులో రంగుతో అడుగుతారు, ఆకుపచ్చదా, ఎర్రదా, నీలందా అని. రంగుకి ఏ చట్టమూ లేదు, ఎవరిష్టం వాళ్లది. ఒకే పచ్చ రంగులో మూడు వేర్వేరు మందులు నేనే చూశాను. వెనక అక్షరాలు చదవాలి.

పాత పద్ధతిది ఐఏటీ. సిలికేట్, ఫాస్ఫేట్, బోరేట్, నైట్రైట్ లాంటి ఖనిజ లవణాలు కలిపి చేసేది. పోసిన వెంటనే లోపలి గోడలన్నిటికీ పొరలా పట్టేస్తుంది, అందుకే వేగంగా కాపాడుతుంది, అందుకే వేగంగా అయిపోతుంది కూడా. మామూలుగా 2 ఏళ్లు. పాత ట్రాక్టర్లు, రాగి ఇత్తడి రేడియేటర్ సీసం అతుకులతో ఉన్నవి, వాటికి ఇదే నప్పుతుంది, చవక కూడా. రెండేళ్లకోసారి మార్చే ఓపిక ఉంటే దీన్ని చిన్నచూపు చూడక్కర్లేదు.

ఓఏటీ అంటే ఆర్గానిక్ ఆమ్లాల లవణాలతో చేసేది. ఇది గోడలన్నిటికీ పూత వేయదు, తుప్పు మొదలయ్యే చోటికే పోయి పని చేస్తుంది. అందుకే ఖర్చు కాదు, 5 ఏళ్లు వస్తుంది. కొత్త లారీలు, కార్ల పుస్తకాల్లో ఎక్కువగా రాసేది ఇదీ, దీని మిశ్రమ రకాలూనే. పాత సీసం అతుకుల రేడియేటర్లో పోయొద్దని చాలామంది తయారీదారులే చెప్తారు. ఇంకొక బలహీనత, నెమ్మది. కొత్త అల్యూమినియం గోడ మీద పట్టు దొరకడానికి దానికి టైమ్ పడుతుంది.

ఆ నెమ్మదిని సరిచేయడానికే మిశ్రమాలు పుట్టాయి, ఇక్కడే కథ ఆసక్తిగా ఉంటుంది. యూరప్ వాళ్లు ఆర్గానిక్ మందుకి సిలికేట్ కలిపారు. జపాన్ వాళ్లు ఫాస్ఫేట్ కలిపారు. ఎందుకని? యూరప్‌లో చాలా చోట్ల నీళ్లు కఠినం, ఫాస్ఫేట్ కలిస్తే కాల్షియంతో కూడి గట్టి పొలుసు కడుతుంది, కాబట్టి వాళ్లు ఫాస్ఫేట్ వద్దన్నారు. జపాన్‌లో నీళ్లు మెత్తన, వాళ్లకి ఆ భయం లేదు. పైగా సిలికేట్ వల్ల నీటి పంపు సీల్ అరుగుతుందని వాళ్ల బాధ. రెండూ మంచివే, ఎవరి నీళ్లకి తగ్గట్టు వాళ్లు చేసుకున్నారు.

మన దగ్గర నడిచే బండ్లలో జపాన్ మూలం ఉన్నవి బోలెడు, కూలెంటూ దాని వెంటే వచ్చింది. నీళ్లు మాత్రం జపాన్‌వి కావు. మా రేడియేటర్‌లో జరిగింది ఇదే, ఫాస్ఫేట్ కూలెంట్‌లో 720 కాఠిన్యం ఉన్న బోరు నీళ్లు. ఉత్త బోరు నీళ్లు పోసినా ఇంత తొందరగా మూసుకునేది కాదేమో, మందూ సున్నం రెండూ కలిసి గడ్డకట్టాయి, కాపాడాల్సిన మందే రాయిగా మారింది.

అంటే ఫాస్ఫేట్ రకం కొనకూడదా? కొనొచ్చు. ఒకటే షరతు, ముందే శుద్ధి చేసిన నీళ్లు కలిపి వచ్చే రెడీమిక్స్ డబ్బా కొని, తగ్గినప్పుడు కూడా అదే డబ్బాలోది పోస్తే దానికి సాటి లేదు, అల్యూమినియానికి చాలా మంచిది. బోరు గొట్టం దగ్గరలో ఉండి, జనరేటర్ చూసుకునే మనిషి మారుతూ ఉండే చోట మాత్రం నేను ఫాస్ఫేట్ లేని ఓఏటీనే పెడతాను. ఎవరో ఒకరు ఏదో ఒక రాత్రి నీళ్లు పోస్తారు, అది ఖాయం.

ఇక బావమరిది టిప్పర్ల సంగతి. ఆయనకి రేడియేటర్ కాదు, లైనర్, అంటే ఇంజిన్‌లో పిస్టన్ ఆడే గొట్టం పోయింది. ఇంజిన్ ఆయిల్ తెల్లగా మజ్జిగలా అయితే విప్పించాడు. లైనర్ బయటి వైపు, నీళ్లు తగిలే వైపు, ఒకే గీతలో వరసగా రంధ్రాలు, ఇడ్లీ గుడ్డ మీద చిల్లుల్లా. ఒకటి లోపలికి దాటేసింది. మెకానిక్ తుప్పు అన్నాడు గానీ అది ఉత్త తుప్పు కాదు. పిస్టన్ కొట్టుకున్నప్పుడల్లా లైనర్ సన్నగా అదురుతుంది, ఆ అదురుకి నీటిలో ఆవిరి బుడగలు పుట్టి గోడకి ఆనుకునే పగులుతాయి, ఒక్కో బుడగ పగలడం సుత్తి దెబ్బ లాంటిది. లక్షల దెబ్బలు ఒకే చోట. దీన్ని కావిటేషన్ అంటారు. లైనర్‌కి బయట నేరుగా నీళ్లు తగిలే పెద్ద డీజిళ్లకి, అంటే టిప్పర్లు, ఎక్స్‌కవేటర్లు, పెద్ద జనరేటర్లు, ఈ జబ్బు ఉంటుంది. దానికి నైట్రైట్ లేదా నైట్రైట్, మాలిబ్డేట్ కలిసిన మందు ఇనుము మీద గట్టి పొర కట్టి కాపాడుతుంది, కొన్ని ఓఏటీలు ఆర్గానిక్ మందుతోనే ఆ పని చేస్తాయి. కారు కూలెంట్‌లో ఇది ఉండకపోవచ్చు. బావమరిది పోసింది కారు కూలెంట్, ఎవరో మిగిలింది ఇస్తే.

కాబట్టి డబ్బా మీద ఈ అంకెలు వెతకండి. ఏఎస్‌టీఎం (అమెరికా ప్రమాణాల సంస్థ) డీ 3306 అని ఉంటే కార్లు, చిన్న బండ్లకి. డీ 6210 అని ఉంటే భారీ డీజిల్‌కి కూడా. జేఐఎస్ కే 2234 జపాన్ ప్రమాణం, మన షాపుల్లో చాలా డబ్బాల మీద ఇదే ఉంటుంది. మన దేశానిది ఐఎస్ 5759. ఈ నాలుగింట్లో ఒక్కటీ లేకుండా "సూపర్ కూల్" అని బొమ్మ మాత్రమే ఉంటే అది రంగు నీళ్లనుకుని పక్కన పెట్టేయండి.

ఈ ప్రమాణాల వెనక పరీక్ష కూడా చెప్పాలి, నాకు నమ్మకం కుదిరింది దాని వల్లే. డీ 1384 అని ఒక గాజు బీకర్ పరీక్ష ఉంది. రాగి, సోల్డర్, ఇత్తడి, ఉక్కు, పోత ఇనుము, అల్యూమినియం, ఈ ఆరు బిళ్లల్ని ఒకే బోల్టుకి గుచ్చి, కూలెంట్‌లో కావాలనే క్లోరైడ్, సల్ఫేట్, బైకార్బొనేట్ ఒక్కోటి 100 చొప్పున కలిపిన చెడ్డ నీళ్లు పోసి, 88 డిగ్రీల వేడిలో గాలి బుడగలు పంపిస్తూ 336 గంటలు, అంటే సరిగ్గా 14 రోజులు ఉంచుతారు. తర్వాత ఒక్కో బిళ్ల ఎన్ని మిల్లీగ్రాములు తగ్గిందో తూస్తారు. రాగి, ఇత్తడి, ఉక్కు, పోత ఇనుము 10 దాటకూడదు, సోల్డర్, అల్యూమినియం 30 దాటకూడదు. ఇంజిన్‌లో ఉండే అన్ని లోహాల్నీ ఒకేసారి ఒకే నీళ్లలో పరీక్షించడం చూడండి, ఒకదానికి మంచి చేసే మందు ఇంకోదాన్ని తినేస్తే ఇందులో దొరికిపోతుంది.

ఇక్కడ ఒక పక్క మాట, కానీ అవసరమైన మాట. మాకు పొదలకూరు వైపు నిమ్మ తోటలున్న చుట్టాలున్నారు. ఈ ఫాస్ఫేట్ గోల విని అందులో ఒకబ్బాయి అడిగాడు, "మామా, బంక కారే తెగులుకి మేం కొట్టే ఫాస్ఫైట్ కూడా ఇదేనా, క్యాన్ మిగిలింది, రేడియేటర్‌లో పోస్తే తుప్పు ఆగుతుందా?" అని. మంచి ప్రశ్న, కానీ జవాబు వద్దు అనే. ఫాస్ఫేట్ వేరు, ఫాస్ఫైట్ వేరు. ఫాస్ఫైట్‌లో ఒక ఆక్సిజన్ తక్కువ, ఆ ఒక్కటి తక్కువ కావడంతో దాని గుణమే మారిపోతుంది. చెట్టులో అది ఆకు నుంచి వేరు దాకా దిగి, వేరుకుళ్లు తెచ్చే ఫైటాఫ్తొరా మీద పని చేస్తుంది, కానీ చెట్టు దాన్ని భాస్వరం ఎరువుగా వాడుకోలేదు.    పెద్ద చిల్లర్ల (చల్లబరిచే యంత్రాల) నీళ్లలో సున్నం పేరుకోకుండా వాడే ఫాస్ఫోనేట్‌లు మూడో రకం. మూడు పేర్లూ వినడానికి అన్నదమ్ముల్లా ఉంటాయి, పనులు వేరు. తోటకి కొట్టే మందు ఆ ఆరు లోహాల బీకర్ పరీక్షకి నిలవాలని చేసింది కాదు, కాబట్టి తోట మందు తోటకే. డబ్బా మీద "ఫాస్ఫేట్ ఫ్రీ" అంటే ఫాస్ఫేట్ లేదని మాత్రమే అర్థం.

గ్లైకాల్ లేకుండా నీళ్లలో మందు మాత్రమే కలుపుకునే పద్ధతి కూడా ఉంది. గడ్డకట్టే చలి లేని మనకి సిద్ధాంతంగా ఇది సరిపోవాలి, వేడి మోయడంలోనూ మేలు. కానీ మోతాదు సరిగ్గా కొలిచి, తరచూ పరీక్ష చేస్తూ ఉండాలి, మరిగే హద్దు కూడా తగ్గుతుంది. వర్క్‌షాపు, మనుషులు ఉన్న పెద్ద క్వారీ కంపెనీ చేసుకోగలదు. మనలాంటి వాళ్లకి వద్దు అంటాను.

ప్రొపిలీన్ గ్లైకాల్ రకం ఖరీదెక్కువ, కొంచెం చిక్కన, మామూలు షాపుల్లో తక్కువగా దొరుకుతుంది. అయినా దాని గురించి ఎందుకు చెప్తున్నానంటే విషం సంగతి కోసం, ఎథిలీన్ రకం విషం, ప్రొపిలీన్ రకం అంత ప్రమాదం కాదు. ఎథిలీన్ గ్లైకాల్ తియ్యగా ఉంటుంది. కుక్కలు నాకుతాయి, దూడలు మూతి పెడతాయి, శీతల పానీయం సీసాలో పోసి పెడితే పిల్లలు తాగుతారు. కాలేయం దాన్ని విడగొట్టేటప్పుడు ఆక్సాలిక్ ఆమ్లం తయారై, కాల్షియంతో కలిసి మూత్రపిండాల్లో స్ఫటికాలు కడుతుంది. పెద్ద మనిషికి 100 మిల్లీలీటర్లు ప్రాణం మీదికి తెస్తాయి, 15 కేజీల కుక్కకి టీ గ్లాసులో పట్టేంత చాలు. ఎవరైనా తాగారని అనుమానం వస్తే మత్తుగా ఉన్నాడులే, పడుకుంటే తగ్గుతుందిలే అనుకోవద్దు, డబ్బాతో సహా వెంటనే పెద్దాసుపత్రికి తీసుకెళ్లండి, విరుగుడు ఉంది, టైమే ముఖ్యం. దూడలు, పిల్లలు తిరిగే చోట జనరేటర్ ఉంటే, దొరికితే ప్రొపిలీన్ రకం పెట్టుకోవడం నాకు తప్పుగా అనిపించదు. రొయ్యల ప్రాసెసింగ్ ప్లాంట్లలో సరుకు దగ్గర నడిచే చిల్లర్లకి ఫుడ్ గ్రేడ్ ప్రొపిలీన్ గ్లైకాల్ వాడేది కూడా ఇందుకే.

పాత కూలెంట్‌ని గుంటలోకో కాలవలోకో వదిలేవాళ్లకి ఇంకో లెక్క. గ్లైకాల్ నీళ్లలో కుళ్లిపోతుంది, మంచిదే, కానీ కుళ్లడానికి ఆక్సిజన్ కావాలి. ఒక లీటరు ఉత్త గ్లైకాల్ పూర్తిగా కుళ్లాలంటే సుమారు 1.4 కేజీల ఆక్సిజన్ తింటుంది. గుంటలో డీఓ (నీళ్లలో కరిగిన ఆక్సిజన్) లీటరుకి 5 మిల్లీగ్రాములు ఉందనుకుంటే, అది 2 లక్షల 80 వేల లీటర్ల నీళ్లలో ఉండే ఆక్సిజన్ మొత్తం. డీఓ కోసం రాత్రంతా డీజిల్ కాల్చేది మనమే, దాన్ని తినే సరుకు గుంటలో పోసేదీ మనమేనా? క్యాన్‌లో పట్టి మూత బిగించి, పాత ఇంజిన్ ఆయిల్ తీసుకునే అధీకృత వాళ్లు దీన్ని కూడా తీసుకుంటారేమో కనుక్కోండి.

మార్చే టైమ్ గురించి చాలామంది కిలోమీటర్లు చెప్తారు. నడవని జనరేటర్‌కి కిలోమీటర్లేవి, దానికి ఏళ్లే లెక్క. వేడికి, గాలికి గ్లైకాల్ తనంతట తానే మెల్లగా ఆమ్లాలుగా మారుతుంది, గ్లైకాలిక్, ఫార్మిక్ లాంటివి. మందులు బతికున్నంత కాలం వాటిని అణిచి పెడతాయి, మందు అయిపోయాక పీహెచ్ పడిపోతుంది, అంటే కూలెంట్‌లో ఆమ్లగుణం పెరుగుతుంది. మందు లేని గ్లైకాల్ ఉత్త నీళ్ల కంటే ఎక్కువ తినేస్తుంది ఇనుముని, ఇది మాత్రం గుర్తుంచుకోండి, "పోసేశాంగా, ఉంటుందిలే" అనుకునేవాళ్లకి దెబ్బ తగిలేది ఇక్కడే. మన గుంటల దగ్గర ఎలాగూ పీహెచ్ కిట్ ఉంటుంది. కొత్తగా పోసిన రోజు ఒకసారి చూసి రాసిపెట్టుకోండి, ఆరు నెలలకోసారి పోల్చుకోండి, 7 వైపు జారుతుంటే మార్చేయండి. తుప్పు రంగు, పుల్లటి వాసన వస్తే ఆలోచించకుండా తీసేయండి.

ఒకటి తీసి ఇంకోటి పోసేటప్పుడు పాతది పూర్తిగా దించి, మంచి నీళ్లతో రెండుసార్లు ఇంజిన్ తిప్పి కడగాలి. ఐఏటీలో ఓఏటీ కలిస్తే 5 ఏళ్ల మన్నిక పోయి 2 ఏళ్లదే మిగులుతుంది, కొన్ని జతలు జిగురు జిగురుగా కూడా కడతాయి. సున్నం బాగా పట్టిన రేడియేటర్లో యాసిడ్ పోసి కడిగేవాళ్లున్నారు, అల్యూమినియం అయితే ఆ యాసిడ్‌కే చిల్లు పడుతుంది. మాది రెండు చోట్ల అలాగే కారింది, చివరికి కొత్తది వేయాల్సి వచ్చింది.

ఇప్పుడు ఎవరి దగ్గర ఏం పోశామో చెప్తాను. మా గుంటల జనరేటర్‌కి డీ 6210 రాసున్న, ఫాస్ఫేట్ లేని ఓఏటీ రెడీమిక్స్, పక్కన అదే రకం 5 లీటర్ల డబ్బా తాళం వేసిన పెట్టెలో. బావమరిది టిప్పర్లకి నైట్రైట్ ఉన్న భారీ డీజిల్ రకం, ఆయన క్లీనర్లకి నీళ్ల పైపు ముట్టుకోవద్దని చెప్పి బ్యాటరీ నీళ్ల క్యాన్‌లు కొనిపెట్టాడు. నాన్న పాత ట్రాక్టర్ ఇంకా నడుస్తోంది, దానికి పచ్చ ఐఏటీ, డిస్టిల్డ్ నీళ్లతో, రెండేళ్లకోసారి సంక్రాంతి దాటాక మార్పు. మా ఇంటి కారు జపాన్ మూలానిది, దానికి పుస్తకంలో ఉన్న ఫాస్ఫేట్ రెడీమిక్సే, ఎందుకంటే దాని బానెట్ నేను తప్ప ఎవరూ ఎత్తరు. జనరేటర్ రేడియేటర్ మూత మీద పెయింట్‌తో పోసిన తేదీ రాశాను, దాని కింద మా కుర్రాడే పెద్ద అక్షరాల్లో రాశాడు, "బోరు నీళ్లు పోయరాదు" అని.